వరద రాని లంక

1934 మార్చి 4, ఆదివారం

ఏలూరు నుంచి వచ్చి ఇప్పుడే పడవ దిగాం. కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా రాయకుండా ఉండలేను.

కంపెనీవాళ్ళ సభకి జనం విరగబడ్డారు. గూడెం నుంచి, పెంటపాడు నుంచి, ఉంగుటూరు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. తీరా చూస్తే వాళ్ళకి కావలసింది మా కొల్లేటివాళ్ళేనట. అంగారక గ్రహం మీద కాలవలున్నాయట. గాజు పందిరి వేసి లోపల గాలి నింపారట. నేల ఉంది, నీళ్ళున్నాయి, బురదలో గట్టు నిలబెట్టే చేతులే లేవట. దొర ఇంగ్లీషులో చెబుతుంటే మా జ్ఞానయ్య అన్నయ్య తెలుగులో చెప్పాడు. అంతమంది ముందు అన్నయ్య అలా నిలబడి మాట్లాడుతుంటే ఆనందం పట్టలేకపోయాను. అమ్మా నాన్నా పోయాక నన్ను భుజాన వేసుకుని పెంచినవాడు. తను చర్చిలో ఉపదేశి అయ్యాక నన్ను పంతులమ్మని చేసినవాడు. పక్కనున్నవాళ్ళకి "మా అన్నయ్యండీ" అని అడక్కుండానే చెప్పాను.

మధ్యలో దొర చాలాసేపు ఏదో చెప్పాడు. నేలలో రాయి పాతుతున్నట్టు చేత్తో చూపించాడు కూడా. అన్నయ్య దాన్నంతా "గట్టు వేసినవాడిదే నేల" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ప్రసంగాల్లో తప్ప అన్నయ్యకి ఎక్కడా ఎక్కువ మాట్లాడటం ఇష్టం ఉండదు.

సొంత నేల! నాన్న పోయేదాకా ఇంకొకరి గట్ల మీదే నడిచాడు.

ఈయన మాత్రం దారంతా పడవ అంచు పట్టుకుని కూర్చుని, "అక్కడ కొర్రమేను దొరుకుతుందంటావా?" అని ఒక్కటే అడిగాడు. మొగుడి పేరు రాయకూడదంటారు. నా డైరీలో నాకెవరి భయం? ఏలీయా, ఏలీయా, ఏలీయా.

మార్చి 11

లంకలో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. రాజుల ఇంటి సుబ్బరాజుగారి తల్లి వెంకటనరసమ్మగారు కూడా వస్తానని పట్టుబట్టింది. ఆవిడకి చూపు ఆనదు. అయితే మా లంకలో నేల పంచుకునేటప్పుడు కుండలోంచి ఇంటింటి గుర్తు గుల్లలు తీసేది ఆవిడే కాబట్టి, ఆవిడని వదిలి ఎలా వెళ్ళాలో ఎవరికీ తోచలేదు. ముందు అడిగింది కూడా ఆవిడే.

"అక్కడా పంపకం మన పద్ధతేనా, జ్ఞానయ్యా?"

"మన పద్ధతేనండి అమ్మగారూ. కొత్త లంక తేలినప్పుడు చేసినట్టే. తొలి ఏడు జనాన్ని నడిపించిన పెద్దవాడు ఎగువ చెక్క, నీళ్ళు ముందు అందే నేల తీసుకుంటాడు. మట్టి మంచిదో చెడ్డదో వాడే తేల్చుకుంటాడు. వరదొచ్చి గట్లు చెరిగాక అందరి గుల్లలూ కుండలో వేసి మళ్ళీ పంచుకోవడమే."

"అయితే ఎగువ మీదేనండి. మీరు కాకపోతే ఇంకెవరు?" అన్నారు సుబ్బరాజుగారు. ఎవరూ కాదనలేదు. ఏడాదికేగా.

కొల్లేటి నీళ్ళు తీశాక తేలిన నేలకి పట్టా ఉండదు. అందుకే రాజుల గుల్లలూ మా పేట గుల్లలూ ఒకే కుండలో పడతాయి. కుండలో పడ్డాక నత్తగుల్లకి కులం లేదని వెంకటనరసమ్మగారే అంటుంది. కుండ బయట మాత్రం మా చేతి నీళ్ళు తాగదు.

మే 19

అన్నయ్య ఇల్లు సర్దాను. వదిన పోయాక ఆ ఇంటికి నేనే దిక్కు. బైబిలు, కోటు, కళ్ళద్దాలు, వదిన ఫొటో అన్నీ తనే జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకున్నాడు. గూట్లో నాన్న గుల్ల అలాగే ఉండిపోయింది. అంచున రెండు గాట్లు, నాన్న కత్తితో పెట్టినవి. ఎంత మతిమరుపు మనిషి! గుల్ల లేకుండా పంపకంలో ఏం చేస్తాడు?

నేనే తీసి కొంగున ముడి వేసుకున్నాను. అక్కడ పంపకం రోజున "నీ గుల్లేదీ?" అని కాసేపు ఏడిపించి అప్పుడిస్తాను.

మే 21

మండవల్లి దాటాక కొల్లేటి అడుగు ఎండి పగుళ్ళిచ్చిన చోట మమ్మల్ని ఎక్కించుకుపోయే కంపెనీవాళ్ళ గోళం నిలబెట్టారు. గూడబాతులు చుట్టూ తిరిగి చూసి పోయాయి. మూడు జిల్లాల జనం కూడా చూడటానికి వచ్చారు.

సుబ్బరాజుగారి భార్య కాంతంగారు నా పక్కన కూర్చుంది. భయం కొద్దీ ఆవిడ నోరు ఆగడం లేదు.

"చూశారా పంతులమ్మగారూ, కుజదోషం ఉందని నన్నెవరూ చేసుకోమన్నారు. చివరికి ఈయన చేసుకున్నారు. ఇప్పుడు ఏకంగా కుజుడింటికే కాపురానికి పంపిస్తున్నారు."

నవ్వాను. తరవాత అందరికీ నిద్రమందు తాగించారు.

1935 జనవరి 2

లేచాం. తారీకు కంపెనీవాళ్ళు చెప్పిందే. ఇన్ని నెలలు నిద్రపోయామంటే నమ్మబుద్ధి కావడం లేదు.

జనవరి 6

ఎర్రమట్టి. చలి. గాజు పందిరి కింద కాలవ పారుతోంది, అచ్చం ఏలూరు కాలవలా. ఒడ్డున ఒక్క గడ్డిపరక లేదు. ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఈయన రెండు తట్టల మట్టి ఒకేసారి ఎత్తుకుని నడుస్తూ తనలో తనే నవ్వుకుంటున్నాడు.

ప్రార్థన చేసి అన్నయ్య లాకు పక్కన గెడ పాతాడు. ఎగువ చెక్క అన్నయ్యది. "పక్కది మా చెల్లెలికి ఇస్తున్నాను, ఒంటిగాణ్ణి, చేదోడుగా ఉంటుంది" అన్నాడు. సుబ్బరాజుగారికి అన్నిటికన్నా దిగువది వచ్చింది. "వచ్చే ఏడు చూసుకుందాం లెండి" అని ఆయనే తుండుగుడ్డ దులుపుకుని లేచారు.

ఈయనకి లాకు దగ్గర లస్కరు ఉద్యోగం ఇచ్చారు. తలుపు ఎత్తడం, దించడం. అదీ అన్నయ్య చెప్పబట్టే.

జనవరి 27

ఇళ్ళు లేస్తున్నాయి. అందరం ముందు మెరక పోసుకుని, దాని మీద ఇల్లు కట్టుకుంటున్నాం. వరదొస్తే పొయ్యి తడవకూడదు కదా. అన్నయ్య మాత్రం ఇంటికి మెరక పోయలేదు, కాలవ ఒడ్డునే చదునుగా కట్టేశాడు. అడిగితే తీరిక లేదన్నాడు. పాపం, ప్రసంగాలు తయారు చేసుకోవాలి, కంపెనీవాళ్ళతో మాట్లాడాలి. ఈయన వెళ్ళి పోసిపెడతానన్నా వద్దన్నాడు. ఒకరిని కష్టపెట్టడం అన్నయ్యకి ఇష్టం ఉండదు.

మే 12

మాకు పంట వచ్చింది. అక్కుళ్ళ వడ్ల గింజ కాస్త సన్నబడింది కాని అన్నం అన్నంలాగే ఉంది. అన్నయ్యకి ఇంకా బాగా పండింది.

దిగువన సుబ్బరాజుగారికి గడ్డే. నీళ్ళు అంతదూరం చేరేసరికి ఇంకిపోతున్నాయి. నేలంతా చౌడు, ఉదయం చూస్తే తెల్లగా పొడి తేలి ఉంటుంది. కాంతంగారు మా కళ్ళంలోకి వచ్చి నాతోపాటు ధాన్యం తూర్పారబట్టింది. మధ్యాహ్నం దాహం వేసి, మా కుండలో గ్లాసు ముంచుకుని తాగింది. తాగాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఇక్కడెవరు చూడొచ్చారు వదినా!" అంది.

వదినా అంది.

ఆగస్టు 18

వరద లేదు. అక్కడైతే ఈపాటికి తమ్మిలేరు పొంగి ఉండాలి.

అక్టోబరు 6

వరద లేదు. కాలవ నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

అందరం గుల్లలు కడిగి పెట్టుకున్నాం. వెంకటనరసమ్మగారు కుండ తుడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది.

అక్టోబరు 20

ఆరాధన అయ్యాక అన్నయ్యని అడిగాను. "వరదెప్పుడొస్తుంది అన్నయ్యా?"

"దేవుడి చిత్తం" అన్నాడు.

"ఇక్కడ ఏడాది పెద్దదట కదా, మన రెండేళ్ళకి దగ్గరట. అందుకే ఆలస్యమేమో."

"అయ్యుండొచ్చమ్మా" అని తల ఊపాడు. నేను ఆ మాటే అందరికీ చెప్పాను. ఏడాది పెద్దది, వరద ఆలస్యం. పంతులమ్మ చెబితే ఎవరు నమ్మరు?

1936 ఏప్రిల్ 5

సుబ్బరాజుగారికి మళ్ళీ గడ్డే. ఇప్పుడు అన్నయ్య చేలో కూలికి వస్తున్నారు. పొద్దున్నే తుండు తలకి చుట్టుకుని, నా ముందు నుంచి తల దించుకుని వెళ్ళారు. అక్కడ ఎంత చితికినా రాజుగారు ఇంకొకరి చేలో దిగలేదు.

కాంతం వదినతో అన్నాను. "ఇంకెన్నాళ్ళు లెండి, వరద రానివ్వండి. గుల్లలు పడితే మీకు ఎగువ రావచ్చు, మాకు దిగువ రావచ్చు."

"మీకు దిగువ వస్తే నేనొచ్చి కోతలు కోస్తాలే వదినా" అంది.

జూలై 19

వరద లేదు. ఇక్కడ ఏడాది పెద్దది.

అక్టోబరు 30

సర్వే ఆయన వచ్చాడు. పాపారావుగారట, గూడెం స్టేషను దగ్గరివాడు. మన యాస విని ప్రాణం లేచొచ్చింది. మజ్జిగ ఇచ్చాను, అంటే కంపెనీ పొడి కలిపిన తెల్లనీళ్ళు. తాగి, "అమ్మయ్య, మనవాళ్ళ చేతిది" అని మూతి తుడుచుకున్నాడు.

వెంట నాలుగు బళ్ళ రాళ్ళు వచ్చాయి. కంపెనీ ముద్ర చెక్కిన సరిహద్దు రాళ్ళు.

నవ్వొచ్చింది. "ఇవెందుకండీ? బురదలో రాయి నిలుస్తుందా? వరదకి ఎక్కడికో పోతాయి."

"వరదేంటండీ పంతులమ్మగారూ?"

"వరదండీ. వరదొస్తుంది, గట్లు పోతాయి, మళ్ళీ పంచుకుంటాం."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఇక్కడ వానే లేదు కదండీ, వరదెక్కడిది? ఇక్కడి లెక్కన ఏడాది పాటు ఎవరి గట్టు నిలిస్తే ఆ నేల వాళ్ళదే, పిల్లల పిల్లలదాకా. మధ్యలో గట్టు చెరిగిపోతే మళ్ళీ మొదటినుంచి లెక్క. అయినా ఇక్కడ గట్టెందుకు చెరుగుతుంది చెప్పండి! ఇదంతా ఏలూరు సభలోనే దొరగారు చెప్పారే. జ్ఞానయ్యగారేగా మీకు తెలుగులో చెప్పింది?"

దిగువ నుంచి రాళ్ళు పాతుకుంటూ వస్తారట. ఎగువకి వచ్చేసరికి పక్షం పడుతుందట.

అక్టోబరు 31

అన్నయ్యకి అప్పుడు దొర ఇంగ్లీషు సరిగ్గా వినిపించి ఉండదు. గాలి, జనం గోల.

నవంబరు 1, ఆదివారం

సరిగ్గానే వినిపించింది.

ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా కూర్చున్నాను. ఆయన పెరట్లో పరిచిన తాటాకు చాపలు చుడుతుంటే అడిగాను.

"ఏలూరులో దొర చెప్పింది రాళ్ళ సంగతేనా అన్నయ్యా?"

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అన్నయ్యకి అబద్ధం చెప్పాలనిపించినప్పుడు కళ్ళద్దాలు తీస్తాడని నాకు తెలుసు. అయితే అబద్ధం చెప్పలేదు.

"అదే."

"వరద రాదని నీకు తెలుసా?"

"వాన లేని చోట వరద ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా? ఆ మాత్రం ఎవరికైనా తోచాలి."

తోచలేదు. మాలో ఒక్కరికీ తోచలేదు. నేల అంటే ఏడాదికోసారి చెరిగిపోయేదే మాకు. ఈ ఏడు నాది, వచ్చే ఏడు నీది. ఆ నమ్మకంతోనే రాజుగారు దిగువ చెక్కకి నవ్వుతూ వెళ్ళారు. మా తెలివితక్కువతనం మీద ఆశ పెట్టుకుని ఇంతదూరం వచ్చాడు మా అన్నయ్య.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఎగువ చెక్క నాకెవరిస్తారు? సుబ్బరాజు ఇచ్చేవాడా? ఎప్పుడైనా మనవాళ్ళు కాలవకి ఎగువన ఉన్నారా యేసమ్మా? నాన్న వాళ్ళ నీళ్ళు వదిలితే తాగాడు, వాళ్ళ గట్టు మీద నడిచాడు, వాళ్ళ గట్టు మీదే పడి పోయాడు. ఒక్కసారి మనం ఎగువన ఉంటే ఏం పోయింది?"

ఏం చెప్పను? నాన్న పేరు ఎత్తితే నా నోరు పడిపోతుందని ఆయనకి తెలుసు. అయినా అడిగాను.

"పేటవాళ్ళ మాటేమిటి? దిగువన ఉన్నది రాజుగారొక్కరే కాదుగా. హన్నమ్మ ఉంది, విశ్వాసం ఉన్నాడు. వాళ్ళ నాన్నలు ఎవరి గట్టు మీద పోయారు?"

చాప చుట్టేసి గోడకి ఆనించాడు.

"నీకు అన్యాయం చేశానా? నీ పేరున కూడా రాయి వేయిస్తున్నాను. నా పక్కనే. నిన్ను పెంచినవాణ్ణి నేను, నువ్వా నన్ను నిలదీసేది?"

పెంచాడు. తను తినకుండా నాకు పెట్టాడు. నాకిప్పుడు ఏడుపు రావడం లేదు, ఒళ్ళు మండుతోంది. నన్ను పెంచిన చేత్తోనే నన్నూ దొంగని చేశాడు. ఏడాది పెద్దది, వరద ఆలస్యం అని ఊరంతా చెప్పుకొచ్చింది నేను కదా. ఆయన అబద్ధం ఆడాల్సిన పని కూడా లేకుండా ఆయన తరఫున నేనే ఆడాను.

నవంబరు 2

గుల్ల మరిచిపోలేదు. ఇక దానితో పని లేదని వదిలేశాడు.

నవంబరు 3

పాపారావుగారి నోటి వెంట అందరికీ తెలిసిపోయింది. ఎవరూ గొడవ పెట్టలేదు. గొడవ పెడితే బాగుండేది.

లాకు దగ్గర నీళ్ళు ముంచుతుంటే కాంతం వచ్చింది. "వదినా" అని పిలిచాను. బిందె నింపుకుంది, చెంగు సర్దుకుంది.

"మీకు తెలుసనుకోలేదండీ పంతులమ్మగారూ" అని వెళ్ళిపోయింది.

రెండేళ్ళ కిందట అదే పిలుపు ఎంత గౌరవంగా ఉండేది! ఇవాళ చెప్పుతో కొట్టినట్టుంది.

నవంబరు 4

ఈయన అన్నం తినకుండా నన్నే చూస్తూ కూర్చున్నాడు. చివరికి అడిగాడు.

"నీకూ ముందే తెలుసా యేసమ్మా?"

పళ్ళెం తీసి అవతల పెట్టేశాను. మొగుడు కూడా అడగాల్సి వచ్చింది. నా అన్న నాకు మిగిల్చింది ఇదీ.

కాసేపయ్యాక పెట్టె తెరిచి నాన్న గుల్ల తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. అన్నయ్య మరిచిపోయాడనుకుని తెచ్చానని చెప్పాను. ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తలుపు దగ్గరికి వెళ్ళి చాలాసేపు వీపు నాకు పెట్టి నిలబడ్డాడు.

నవంబరు 7

రాళ్ళు సగం దాకా వచ్చాయి. హన్నమ్మ తన చెక్కలో రాయి పాతుతుంటే గట్టు మీద కూర్చుని చూసింది. ఇక ఆ చౌడే ఆమెది, ఆమె పిల్లలది. పిల్లల పిల్లలు కూడా ఎగువకే కూలికి వస్తారు. అక్కడా అంతే కదా, దీనికోసం ఇంతదూరం రావాలా?

బళ్ళో పిల్లలకి పాఠం చెప్పలేకపోయాను.

నవంబరు 10

ఈయన మామూలుగా పది మాటలకి ఒక మాట మాట్లాడతాడు. ఇవాళ సాయంత్రం గంజి తాగుతూ తనంతట తనే ఎత్తుకున్నాడు.

"లాకు తలుపు ఎన్నడూ పూర్తిగా ఎత్తలేదే."

"అయితే?"

"తుప్పు పడుతుంది. అప్పుడప్పుడు మొత్తం ఎత్తి కడగాలి. మన ఏలూరు కాలవ మీద లస్కర్లు అలాగే చేస్తారు."

"కోతలైపోయాయి. చేలన్నీ ఖాళీ" అన్నాను.

"అదే నేనూ చూస్తున్నా."

"గట్లు చెరిగితే మళ్ళీ మొదటినుంచి లెక్కట."

"అలాగటా!" అన్నాడు, మొదటిసారి వింటున్నట్టు.

ఇరవై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి ఇంత గడుసువాడని నాకు తెలియదు. నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. ఆ ఉద్యోగం పోవచ్చు. మా చెక్క పోతుంది, అది ఎటూ పోవాల్సిందే. అన్నయ్య ఇంటికి మెరక లేదు.

నవంబరు 14

రేపు ఆదివారం. ఎగువకి ఇంకా రాళ్ళు రాలేదు, సోమవారం వస్తాయి.

అన్నయ్యకి చెప్పాలా అని పొద్దున్నుంచి కొట్టుకుంటున్నాను. చెబితే ఆపేస్తాడు. చెప్పకపోతే నేనూ ఆయనలాంటిదాన్నే.

చెప్పలేదు.

నవంబరు 15, ఆదివారం

ఆరాధనకి అందరూ అన్నయ్య పెరట్లో చేరాక, మేమిద్దరం లాకు దగ్గరికి వెళ్ళాం. చక్రం సగం నేను తిప్పాను. చేతులు బొబ్బలెక్కాయి.

ఇక్కడ నీళ్ళకి కూడా తొందర లేదు. తలుపు కింద నుంచి లేచి, గాల్లో కాస్త ఆగి, మెల్లగా చేలో దిగాయి. ముందు తెగింది మా గట్టే. ఎక్కడ పలచగా వేశాడో ఈయనకి తెలుసు కదా, పారతో అక్కడే రెండు వేట్లు వేశాడు. తరవాత అన్నయ్య గట్టు. దాని తరవాత ఎవరూ ఏమీ చేయక్కర్లేకపోయింది. ఒకదాని వెనక ఒకటి గట్లు కూర్చుండిపోయాయి. నీళ్ళు దిగువకి పోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ చౌడు నేల అంత నీరు చూడలేదు.

పెరట్లో అన్నయ్య గొంతు వినిపిస్తోంది. ఆ ప్రసంగం ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. మధ్యలో వెంకటనరసమ్మగారి కేక ఆ గొంతుని మింగేసింది. కళ్ళు లేని మనిషికి అందరికన్నా ముందు తెలిసింది.

"ఒరేయ్, నీళ్ళ చప్పుడురా! వరదొచ్చిందిరా!"

జనమంతా ఒక్కసారి లేచారు. భయపడి కాదు. పిల్లల్ని మెరకల మీదికి ఎక్కించడం, పొయ్యిలు ఎత్తడం, ధాన్యం అటకెక్కించడం, మా వాళ్ళకి ఒకరు చెప్పాలా! సుబ్బరాజుగారు పంచె ఎగగట్టి, "బుడమేరండీ, బుడమేరు!" అని అరుస్తూ నీళ్ళలో పడి నడిచారు. విశ్వాసం రాళ్ళ మీద నుంచుని చూశాడు, అవి కాళ్ళ కింద బురదలోకి దిగిపోతుంటే నవ్వాడు. వచ్చినప్పటినుంచి ఈ పందిరి కింద అంత నవ్వు నేను వినలేదు.

అన్నయ్య ఇంట్లో మోకాలి లోతు. బైబిలు నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నన్నూ, నా చేతి బొబ్బల్నీ చూశాడు.

"ఎవరే తలుపు ఎత్తింది?"

"వరద అన్నయ్యా" అన్నాను.

ఆయన పెట్టె నీళ్ళలో తేలుతుంటే ఈయనే వెళ్ళి పట్టుకొచ్చి మా మెరక మీద పెట్టాడు.

నవంబరు 16

పాపారావుగారు గట్ల జాడ కోసం పొద్దంతా తిరిగి, బురదకాళ్ళతో వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"కడగడానికి ఎత్తానండి. చక్రం జారిపోయింది" అన్నాడు ఈయన, మొహంలో ఏ మార్పూ లేకుండా.

"ఏటా కడగాలేమోనండి?" అని అడిగాడు పాపారావుగారు.

"కడగాలండి. తుప్పు."

ఆయన కొలత గొలుసు చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు. "మా మేనత్తది మండవల్లండీ" అన్నాడు. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

నవంబరు 25

నీళ్ళు తీశాయి. చౌడంతా కడిగేసినట్టయింది, దిగువ నేల నల్లగా మెరుస్తోంది. ఇవాళ పంపకం.

వెంకటనరసమ్మగారు కుండ ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి గుల్ల వేస్తున్నారు. కాంతం నా పక్కకి వచ్చి నిలబడి, కాసేపు అటూ ఇటూ చూసి అంది.

"కుచ్చెళ్ళు పైకి దోపుకో వదినా, బురదవుతున్నాయి."

దోపుకున్నాను.

అన్నయ్య అందరికీ వెనక నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని రమ్మనలేదు, పొమ్మనలేదు. ముసలమ్మగారే కుండలో చెయ్యి పెట్టి కలియబెడుతూ అడిగింది.

"జ్ఞానయ్య గుల్ల పడిందా?"

అన్నయ్య తల దించుకున్నాడు. ఆయన గుల్ల కొల్లేట్లో, ఎండిన లంకలో, గూట్లో ఉందనుకుంటున్నాడు. గుల్ల లేనివాడికి వాటా లేదు. అది మా పద్ధతి.

కొంగు ముడి విప్పాను. రెండు గాట్లున్న నాన్న గుల్ల బయటికి తీసి అందరూ చూసేలా పట్టుకున్నాను. అన్నయ్య దాన్ని చూశాడు. నేను దాన్ని ఎప్పుడు తీశానో, ఎందుకు తెచ్చానో, ఆయనకి అంతా ఒక్కసారే అర్థమయింది. ఏడిపించాలనుకున్నాను కదా, ఏడ్చాడు. నాకు సంతోషం కలగలేదు.

ఆ గుల్లని కాలవలో పారేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. మరిచిపోయాడనుకుని తెచ్చిన గుల్ల, మరిచిపోలేదని తెలిశాక కూడా పారేయలేకపోయాను. కుండలో వేశాను.

ఎగువ చెక్క హన్నమ్మకి వచ్చింది. ఆమె నేల మీద కూర్చుండిపోయింది. కాంతానికి నడిమిది. చివరికి కుండలో రెండే మిగిలాయి, మాదీ అన్నయ్యదీ. దిగువన మిగిలినవీ రెండే. పక్క పక్కనే.

"మన ఇద్దరిదీ మళ్ళీ ఒకచోటే పడిందమ్మా" అన్నాడు అన్నయ్య దగ్గరికొచ్చి, మెల్లగా.

నేను ఈయన వైపు తిరిగి, మధ్య గట్టు కాస్త ఎత్తుగా వేయమన్నాను.